గేరు తప్పితే ఇంజను గతేంటి?

కర్నూలు మార్కెట్లో ఎర్రగడ్డలు దించేసి, ఖాళీ పికప్ బండిలో ఊరికి తిరిగి వస్తున్నారనుకోండి. రోడ్డు బాగుంది, మనసు తేలిగ్గా ఉంది. మూడో గేరు నుంచి నాలుగో గేరుకు రాడ్డు లాగారు. చేయి కాస్త ఎడమకు పోయింది. నాలుగు పడాల్సిన చోట రెండు పడింది. క్లచ్ వదలగానే బండి ముందుకు తూగింది, వెనక టైర్లు కీచుమన్నాయి, ఇంజను ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది. అంతా కలిపి ఒక్క క్షణం. వెంటనే క్లచ్ తొక్కారు. బండి మళ్లీ మామూలుగానే నడిచింది. "ఏమీ కాలేదులే" అనుకుని ఊరు చేరారు. నాలుగు రోజుల తర్వాత ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది.

షెడ్డుకు తీసుకుపోతే అనుభవమున్న మేస్త్రీ మొదట అడిగే మాట ఇదే: "ఏమప్పా, గేరేమైనా తప్పిందా?"

ఆ ఒక్క క్షణంలో జరిగినదానికి ఒక్కోసారి హెడ్డు విప్పాల్సి వస్తుంది. ఒక్కోసారి ఇంజను మొత్తం దించాల్సి వస్తుంది. పంట అమ్మిన డబ్బు షెడ్డులో పోయాల్సి వస్తుంది. అదే తప్పు లోడు ట్రాలీతో ఘాటు దిగేటప్పుడు జరిగితే పోయేది డబ్బు కాదు, ప్రాణం. కాబట్టి జీపు, కారు, పికప్, ట్రాక్టరు ఏది నడిపేవారైనా ఈ సంగతి ఒకసారి తెలుసుకోవాలి.

తప్పు రెండు రకాలు

గేరు తప్పడం అంటే అన్నీ ఒకటే అనుకుంటాం. నిజానికి ఇవి రెండు వేర్వేరు తప్పులు.

మొదటిది, గేరు అసలు పడకపోవడం. రాడ్డు న్యూట్రల్ లో ఆగిపోతుంది. అది తెలియక క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కుతాం. ఇంజనుకు బరువు తగలదు కనుక గుర్రుమని లేస్తుంది.

రెండోది, ఒక గేరుకు బదులు మరో గేరు పడడం. పై గేరు పడాల్సిన చోట కింది గేరు పడుతుంది. అప్పుడు ఇంజను తనంతట తాను లేవదు. రోడ్డు మీద దొర్లుతున్న చక్రాలే దాన్ని బలవంతంగా తిప్పుతాయి.

వినడానికి రెండింటిలోనూ ఇంజను అరుపే. కానీ మొదటిదానికి బండిలోనే కాపలా ఉంది. రెండోదానికి లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

బావి మీద ఇంజను గుర్తుందా?

కరెంటు మోటార్లు రాకముందు మన బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. నడుస్తుండగా పంపు బెల్టు జారిపోతే ఏమయ్యేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంజను ఒక్కసారి గుర్రుమని లేచేది. అంతలోనే దానంతటదే సర్దుకుని మామూలు వేగానికి వచ్చేది. ఎవరూ పోయి తగ్గించాల్సిన పని లేదు. ఆ పని చేసేది గవర్నర్.

గవర్నర్ పనితీరు తెలియాలంటే తిరునాళ్లలో రంగులరాట్నం చూడండి. రాట్నం నెమ్మదిగా తిరిగితే కుర్చీలు కిందికి వేలాడతాయి. వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. గవర్నర్ లోని బరువులూ అంతే. ఇంజను వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని, పంపులోని కడ్డీని లాగి, డీజిలును తగ్గిస్తాయి. వేగం తగ్గితే లోపలికి ముడుచుకుని డీజిలు పెంచుతాయి. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి ఇంజనుకు ఈ ఉపాయాన్నే అమర్చాడు. బెంగుళూరులో 1951లో మొదలైన మైకో కంపెనీ (2008 నుంచి దాని పేరు బాష్) డీజిలు పంపులు మన ట్రాక్టర్లలో ఎన్నో ఉన్నాయి. పాత తరహా పంపుల్లో ఉండేది ఈ బరువుల గవర్నరే. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో బరువులు ఉండవు. వేగాన్ని సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటర్ డీజిలు ఆపుతుంది. పెట్రోలు కార్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు బండ్లలో సాధారణంగా ఇది ఉండేది కాదు. వాటిలో న్యూట్రల్ లో యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఇంజను పైపైకి లేచేది.

కాబట్టి డీజిలు బండిలో గేరు పడక న్యూట్రల్ లో ఆగిపోయి ఇంజను లేస్తే కంగారు పడనక్కర్లేదు. గవర్నర్ సరిగ్గా ఉంటే హద్దు దాటనివ్వదు. కాలు తీసేస్తే చాలు. అయితే ఒక షరతు. "పికప్ పెరుగుతుంది" అని పంపు సీలు తెంపి, వేగం హద్దు పెట్టే స్క్రూను తిప్పించుకునేవాళ్లు కొందరున్నారు. అలా తిప్పించుకుంటే ఆ కాపలా కూడా పోయినట్టే.

ఎద్దులను బండి తరిమితే

రెండో తప్పు సంగతి చూద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి ఎద్దుల బండి చాలు. మామూలుగా ఎద్దులు బండిని లాగుతాయి. లోడు బండి దిగుడులోకి వచ్చిందంటే లెక్క తిరగబడుతుంది. బండే ఎద్దులను వెనకనుంచి తరుముతుంది. ఇష్టం ఉన్నా లేకున్నా అవి పరుగెత్తాల్సిందే. అప్పుడు "ఎద్దులకు మేత ఆపాను, నెమ్మదిస్తాయి" అంటే నెమ్మదిస్తాయా?

గవర్నర్ చేయగలిగింది మేత ఆపడమే. అంటే డీజిలు ఆపుతుంది. తప్పు గేరు పడినప్పుడు ఇంజనును తిప్పుతున్నది డీజిలు కాదు, టన్నున్నర రెండు టన్నుల బండి వేగం. చక్రం నుంచి గేరుబాక్సుకు, గేరుబాక్సు నుంచి క్లచ్ కు, క్లచ్ నుంచి క్రాంకుకు ఆ తోపు నేరుగా వస్తుంది. డీజిలు చుక్క పోకపోయినా ఇంజను హద్దు దాటి తిరుగుతుంది. కొత్త బండి కదా, కంప్యూటర్ ఉంది కదా అని భరోసా పెట్టుకోవడానికి లేదు. కంప్యూటర్ కూడా మేతే ఆపగలదు, తోపును ఆపలేదు.

లెక్క చూడండి

ఒక డీజిలు పికప్ కు గేరు నిష్పత్తులు ఒకటికి 3.6, రెండుకు 2.1, మూడుకు 1.4, నాలుగుకు 1.0 అనుకుందాం. బండికీ బండికీ ఈ అంకెలు కొంచెం మారతాయి గానీ లెక్క తీరు ఇదే. మూడో గేరులో ఇంజను నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతున్నప్పుడు గేరు మార్చారు. బండి వేగం మారలేదు.

నాలుగో గేరు పడితే ఇంజను 2,000 చుట్లకు దిగుతుంది. హాయిగా ఉంటుంది.

రెండో గేరు పడితే 4,200 చుట్లకు లేవాలి. చాలా డీజిలు పికప్పులకు ఇది హద్దు దగ్గర, లేదా హద్దు దాటి.

ఒకటో గేరు పడితే 7,200 చుట్లు. ఏ డీజిలు పికప్ ఇంజనూ దీనికోసం తయారైంది కాదు.

క్లచ్ కొంత జారుతుంది, టైర్లు కొంత ఈడుస్తాయి. కాబట్టి లెక్కలో వచ్చినంతా ఇంజను మీద పడకపోవచ్చు. కానీ ఖాళీ బండి వెనక టైర్లు అలా ఈడ్చుకుంటే, తడి రోడ్డు మీద బండి అడ్డం తిరిగే ప్రమాదం ఇంకొకటి.

ఇక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపైతే లోపలి భాగాల మీద గుంజుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 2,800 నుంచి 4,200కు లేస్తే రెండుంబావు రెట్లు. 7,200కు లేస్తే ఆరున్నర రెట్లు. అందుకే "కొంచెం ఎక్కువ తిరిగింది, అంతే కదా" అనడానికి వీల్లేదు.

లోపల ఏమవుతుంది?

నిమిషానికి 4,200 చుట్లంటే సెకనుకు 70. ప్రతి చుట్టులో పిస్టన్ పైకి పోయి ఆగి, కిందికి వచ్చి ఆగి, మళ్లీ పైకి పోవాలి. అంటే సెకనుకు 140 సార్లు ఆగి వెనుదిరగాలి. ఆ గుంజుడంతా భరించేది కనెక్టింగ్ రాడ్డు, దాని కింద బిగించిన రెండు బోల్టులు. హద్దు దాటి తిప్పితే ఆ బోల్టులు కంటికి కనపడనంత సాగుతాయి. సాగిన బోల్టు వెంటనే తెగకపోవచ్చు. వారానికో నెలకో, లోడుతో పోతున్నప్పుడు తెగి, రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు డ్రైవరు "ఊరికే నడుస్తుంటే ఇంజను పగిలింది" అంటాడు. ఊరికే పగల్లేదు, ఎప్పుడో తప్పిన గేరు పగలగొట్టింది.

రెండోది వాల్వుల సంగతి. వాల్వును తెరిచేది క్యాము, మూసేది స్ప్రింగు. క్యాము ఎంత వేగంగానైనా తోస్తుంది. స్ప్రింగుకు మాత్రం ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే వాల్వు మూసుకోవడంలో వెనకబడుతుంది. ఈలోగా పిస్టన్ పైకి వచ్చేస్తుంది. డీజిలు ఇంజనులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య సందు మిల్లీమీటర్ల లెక్కలోనే ఉంటుంది. మూసుకోని వాల్వుకు పిస్టన్ తగులుతుంది. వాల్వు వంగుతుంది, లేదా పుష్ రాడ్డు వంగుతుంది, లేదా రాకర్ విరుగుతుంది. వాల్వు తల తెగి లోపల పడిందంటే పిస్టన్, హెడ్డు రెండూ పోతాయి.

టైమింగ్ బెల్టు ఉన్న బండ్లలో బెల్టు పళ్లు ఒకటి రెండు జారినా ఇదే గతి. చైను ఉన్నవాటిలో చైను సాగి, టెన్షనర్ దెబ్బ తింటుంది. క్లచ్ ప్లేటు స్ప్రింగులు, గేరుబాక్సు పళ్లు కూడా ఆ కుదుపులో తమ వంతు దెబ్బ తింటాయి.

మెత్తగా పడే గేరుతోనే మోసం

"పాత జీపులు ఎన్నేళ్లు నడిపినా ఇట్లాంటిది చూడలేదే" అని పెద్దవాళ్లు అంటారు. అందులో నిజముంది. పాత విల్లీస్ తరహా జీపుల్లో ఒకటో గేరుకు సింక్రోమెష్ ఉండేది కాదు. వేగంలో ఉన్నప్పుడు ఒకటో గేరు వేయబోతే కర్రుకర్రుమని అరిచి తిప్పికొట్టేది. ఆ అరుపే హెచ్చరిక.

సింక్రోమెష్ ఉన్న గేరుబాక్సులో చిన్న ఇత్తడి రింగులు ముందుగా ఒరుసుకుని, రెండు పళ్ల చక్రాల వేగాన్ని సమానం చేస్తాయి. తర్వాత గేరు చప్పుడు లేకుండా పడుతుంది. డ్రైవరుకు సుఖమే. కానీ ఆ రింగుకు మీరు వేస్తున్నది సరైన గేరో తప్పు గేరో తెలియదు. తప్పు గేరును కూడా అంతే మెత్తగా పడనిస్తుంది. తేడా ఒక్కటే. కింది గేరు పడేటప్పుడు రాడ్డు కాస్త బిగువుగా, ఆలస్యంగా కదులుతుంది. ఆ బిగువు చేతికి తగిలిందంటే బలవంతంగా తొయ్యకండి. "ఇది నేను వేయాల్సిన గేరు కాదు" అని బండి చెప్పే మాట అదే.

అయిదు గేర్ల బండిలో గేరు తప్పే చోట్లు ముఖ్యంగా మూడు. మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు ఎడమకు పోతే రెండు పడుతుంది. అయిదు నుంచి నాలుగుకు దించేటప్పుడు చేయి మరీ ఎడమకు జరిగితే అక్కడా రెండే. నాలుగు నుంచి అయిదుకు తోసేటప్పుడు కుడికి సరిగా జరపకపోతే మూడు పడుతుంది. ఈ మూడింటిలో మధ్యదే ఎక్కువ ప్రమాదం. అయిదో గేరులో బండి మంచి వేగంలో ఉంటుంది కనుక.

ఇంజను మౌంటింగులు కుంగినా, గేరు రాడ్డు కింద బుష్షులు అరిగినా గేర్లు ఉండాల్సిన చోట ఉండవు. నల్లరేగడి దారుల్లో, గుంతల్లో తిరిగే మన బండ్లకు ఇవి త్వరగా అరుగుతాయి. రాడ్డు అటూ ఇటూ గంటలా ఊగుతుంటే అలవాటు పడిపోకండి. బుష్షు మార్చడం చిన్న ఖర్చు, ఇంజను కట్టించడం పెద్ద ఖర్చు.

ట్రాక్టరు సంగతి వేరు

ట్రాక్టరు ఇంజను మామూలుగా 2,000, 2,200 చుట్ల దగ్గర పని చేసేలా తయారవుతుంది. దుక్కిలో గేరు తప్పితే పెద్ద నష్టం లేదు. నేల గట్టిది, వేగం తక్కువ, ట్రాక్టరు వెంటనే ఆగిపోతుంది. ప్రమాదమంతా ట్రాలీతో రోడ్డు ఎక్కినప్పుడే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు, ఆదోనికి పత్తి, మైదుకూరుకు పసుపు, సీజనులో ఊరూరా వేరుశనగ, శనగ, వరిగడ్డి. ట్రాక్టరు కన్నా ట్రాలీ బరువే ఎక్కువ. చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు. ఉన్న బ్రేకు ట్రాక్టరు వెనక చక్రాలకే.

ఇలాంటి బండి దిగుడులో పోతుంటే బ్రేకుకు తోడు నిలిచేది గేరులో ఉన్న ఇంజను. కాలు తీసేస్తే ఇంజను బండిని వెనక్కి పట్టి లాగుతుంది. గేరు తప్పి న్యూట్రల్ లో పడిందా, ఆ పట్టు పోయింది. చాలా ట్రాక్టర్ల గేరుబాక్సులు కార్ల మాదిరి నడుస్తుండగా మెత్తగా మారవు. దిగుడులో గేరు తీస్తే మళ్లీ పడదు. డ్రైవరు పళ్లు కరకరలాడించుకుంటూ గేరు వెతుకుతుంటాడు, ట్రాలీ వెనకనుంచి తోస్తుంటుంది. ట్రాక్టరు అడ్డం తిరిగి ట్రాలీ మీదికి రావడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. చిన్న గేరులో దిగుతూ, "నెమ్మదిగా పోతోంది, కాస్త దొర్లనిద్దాం" అని క్లచ్ తొక్కి పట్టడం. క్లచ్ తొక్కితే ఇంజనుకు హాని లేదు, నిజమే. కానీ క్లచ్ ప్లేటు గేరుబాక్సుతో కలిసి తిరుగుతూనే ఉంటుంది. 2,000 చుట్లకు గంటకు 6 కిలోమీటర్లు పోయే గేరులో ఉండి, క్లచ్ తొక్కి 24 కిలోమీటర్ల వేగానికి దొర్లించారంటే ప్లేటు 8,000 చుట్లు తిరుగుతోందన్న మాట. ఆ వేగానికి ప్లేటు మీద అంటించిన లైనింగు ముక్కలై ఎగిరిపోతుంది. తర్వాత క్లచ్ వదిలినా ఇంజను పట్టు దొరకదు. ఒకవేళ ప్లేటు నిలిచి, క్లచ్ వదిలితే, ఆ 8,000 చుట్లు ఇంజను మీద పడతాయి.

గువ్వలచెరువు ఘాటు చెప్పే పాఠం

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఎరగనివారు లేరు. రాయచోటి వైపు నుంచి వచ్చేటప్పుడు కడప దిక్కుకు దిగుడు, దానిలోనే మలుపులు. 2025 మే నెలలో ఈ ఘాటులో అదుపు తప్పిన లారీ కారు మీద పడి అందులోని వారు ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు 2024 ఆగస్టులోనూ ఇక్కడ లారీ, కారు ఢీకొని ప్రాణాలు పోయాయి. నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల దాటే దారి, ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే దారి కూడా ఘాట్లే. ఇలాంటి చోట తప్పు మనదైనా బలి ఎదుటివాడు కావచ్చు.

ఘాటులో పాటించాల్సిన సూత్రం ఒక్కటే. గేరు దిగుడుకు ముందే వేసుకోవాలి, దిగుడు అయ్యేదాకా మార్చకూడదు. గువ్వలచెరువులో పాలకోవా కొనడానికి ఎలాగూ బండి ఆపుతారు కదా. బయలుదేరేటప్పుడు చిన్న గేరుతోనే బయలుదేరి, అదే గేరులో కిందికి దిగండి. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమో దిగేటప్పుడు కూడా అదే గేరు అని పాత డ్రైవర్లు చెప్పే మాట. లోడుంటే ఇంకో గేరు తగ్గించినా మంచిదే.

సరైన గేరులో ఉన్నా ఇంజను వేగం మీద ఒక కన్ను వేయాలి. లోడు తోస్తుంటే ఆర్పీఎం ముల్లు పైకి పోతుంది. అది ఇంజను హద్దుకు చేరకముందే బ్రేకు గట్టిగా వేసి వేగం తగ్గించి, వదలండి. బ్రేకు మీద కాలు పెట్టి అదే పనిగా నొక్కి ఉంచితే లైనర్లు వేడెక్కి పట్టు పోతుంది.

డీజిలు మిగులుతుందన్నది భ్రమ

దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిలు మిగులుతుందని చాలామంది నమ్మకం. ఇది తప్పు. న్యూట్రల్ లో ఇంజను ఆగిపోకుండా తిరగడానికి కొంత డీజిలు కావాలి. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజనును చక్రాలే తిప్పుతాయి. అది ఐడిల్ కన్నా ఎక్కువ వేగంలో ఉంది కనుక గవర్నర్ డీజిలును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అంటే గేరులో దిగితేనే డీజిలు తక్కువ. చుక్క మిగలని చోట ప్రాణం పణంగా పెట్టడం ఎందుకు?

తప్పు గేరు పడిందని తెలియగానే

1. క్లచ్ పూర్తిగా తొక్కండి. ఆలోచించకండి, గేరు కోసం వెతకకండి. ముందు క్లచ్. ఇంజను, చక్రాల మధ్య లంకె తెగితేనే ఇంజను బతుకుతుంది.

2. యాక్సిలరేటర్ మీద కాలు తీయండి. బ్రేకు మీదికి ఎగబడకండి. స్టీరింగు సూటిగా పట్టుకోండి.

3. రాడ్డును న్యూట్రల్ కు తెచ్చి చేయి ఒక క్షణం వదలండి. స్ప్రింగు ఉన్న రాడ్డు దానంతటదే మధ్యకు, మూడు నాలుగు గేర్ల దారికి వచ్చి నిలుస్తుంది. అక్కడినుంచి సరైన గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి.

4. ఇది దిగుడులో జరిగితే క్లచ్ తొక్కిన వెంటనే బ్రేకు కూడా పట్టండి. క్లచ్ తొక్కినంతసేపూ ఇంజను పట్టు ఉండదని మరవకండి. మట్ట రోడ్డు మీద మందైన క్లచ్, ఘాటులో ఎక్కువసేపు తొక్కితే విషమవుతుంది.

5. ట్రాక్టరుతో ఘాటులో గేరు పోతే మళ్లీ గేరు వెతకడం మానండి. వేగం పెరగకముందే రెండు బ్రేకులూ కలిపి పట్టి, కొండ వైపు ఒరిగించి ఆపండి. చక్రాల కింద రాయి పెట్టి, తర్వాత గేరు వేసుకుని కదలండి.

6. నడుస్తుండగా తాళం తిప్పి ఇంజను ఆపకండి. బ్రేకుకు, స్టీరింగుకు ఉండే సాయం తగ్గుతుంది. కొన్ని బండ్లలో తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగు బిగుసుకుంటుంది కూడా.

షెడ్డులో ఏం చూపించాలి?

ఇంజను గట్టిగా అరిచిన తర్వాత మామూలుగా నడుస్తున్నా, ఒకసారి పక్కన ఆపి వినండి. కొత్త చప్పుడు, ఒక సిలిండరు కొట్టనట్టు వణుకు, కొత్తగా పొగ, ఆయిల్ లైటు వెలగడం, వీటిలో ఏది కనిపించినా ఇంజను ఆపేయండి. "ఊరిదాకా పోదాం" అని నడపకండి. వంగిన పుష్ రాడ్డుతో ఆగితే చిన్న ఖర్చు. అలాగే నడిపితే వాల్వు లోపల పడి పెద్ద ఖర్చు. స్టార్టు కాకపోతే పదేపదే సెల్ఫ్ కొట్టవద్దు, తోసి స్టార్టు చేయవద్దు.

మేస్త్రీకి జరిగింది దాచకుండా చెప్పండి. ఏ గేరు నుంచి ఏ గేరు పడింది, బండి ఎంత వేగంలో ఉంది అనే రెండు మాటలు చెబితే సగం వెతుకులాట తగ్గుతుంది. డ్రైవరును పెట్టుకున్న రైతులు అతన్ని తిట్టి భయపెడితే, ఈసారి గేరు తప్పినా చెప్పడు. నష్టం మీదే.

పరీక్షలు ఈ వరుసలో చేయించండి. ముందు రాకర్ కవరు విప్పి, ఫీలర్ గేజితో ట్యాపెట్ సందులు చూడాలి. అన్నీ సరిగ్గా ఉండి ఒక్కచోట సందు బాగా ఎక్కువగా ఉంటే అక్కడ పుష్ రాడ్డో వాల్వో వంగిందని అనుమానించాలి. తర్వాత ప్రతి సిలిండరుకూ కంప్రెషన్ పరీక్ష. ఒకదాంట్లో బాగా తక్కువ వస్తే అప్పుడు హెడ్డు విప్పాలి, అంతకు ముందు కాదు. టైమింగ్ గుర్తులు కలుస్తున్నాయో లేదో చూడాలి. ఆయిల్ ను తెల్లటి పళ్లెంలోకి దించి ఎండలో చూస్తే, బేరింగు దెబ్బ తిన్నప్పుడు మెరుపు రవ్వలు కనిపిస్తాయి. ఇంజను దించాల్సి వస్తే కనెక్టింగ్ రాడ్డు బోల్టులు పాతవే మళ్లీ బిగించనివ్వకండి. కొత్తవి వేయించండి.

ముందు జాగ్రత్తలు

గేరు రాడ్డును పిడికిలితో గట్టిగా పట్టుకోకండి. అరచేయి ఆనించి నెట్టాలి. మూడు నుంచి నాలుగుకు నేరుగా వెనక్కి లాగండి, ఎడమకు ఒత్తిడి ఉండకూడదు. అయిదు నుంచి నాలుగుకు దించేటప్పుడు న్యూట్రల్ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత వెనక్కి లాగండి. గేరు మార్చాక క్లచ్ ను ఒక్కసారిగా వదలకండి. నెమ్మదిగా వదిలితే తప్పు గేరు పడినా ఇంజను లేవడం మొదలవగానే తెలిసిపోతుంది, వెంటనే మళ్లీ తొక్కవచ్చు. ఈ ఒక్క అలవాటు చాలా ఇంజన్లను కాపాడుతుంది.

కొత్త బండి, అరువు బండి నడిపేటప్పుడు ఇంజను ఆపి గేర్లన్నీ ఒకసారి వేసి చూసుకోండి. ట్రాక్టరు రోడ్డు ఎక్కేముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం తగిలించారా లేదా చూడండి. దుక్కిలో మలుపు కోసం విడదీసిన పెడళ్లను అలాగే వదిలేసి రోడ్డు మీద బ్రేకు వేస్తే ట్రాక్టరు ఒక పక్కకే తిరిగిపోతుంది. ట్రాలీకి బ్రేకు పెట్టించుకోవడం ఖర్చే గానీ, ఘాటు దిగే దారిలో ఉన్న ఊళ్లవారికి అది తప్పనిసరి ఖర్చు.

ట్రాక్టరు నడపడం, మరమ్మతు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర ట్రాక్టర్ నగర్ లో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. మన రెండు జిల్లాలవారికీ దగ్గరే. ఇంట్లో ట్రాక్టరు ఉండి, కొడుకు కొత్తగా స్టీరింగు పట్టుకున్నాడంటే, శిక్షణకు పంపే ఆలోచన చేయండి.

అంతదాకా వాడికి ఒక్క మాట చెప్పి పెట్టండి. గేరు తప్పిందా, ముందు క్లచ్. ఘాటు వచ్చిందా, ముందే గేరు.